ఎవరి కుడి? ఎవరి ఎడమ?

"ఇది పందొమ్మిదోది," అంటూ వదిన కళ్ళజోడు డబ్బాని భోజనాల బల్ల మీద టక్కుమని పెట్టింది. "ఈసారి రిటైరైన కండక్టరుగారు. మెట్టు దిగబోయి గాల్లో కాలేశాడట. పక్కనున్నాయన రెక్క పట్టుకోబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఈపాటికి నడుం విరిగి మంచానపడేవాడు. నీ పేరు చెప్పి పంపించాను."

బల్ల మీద పద్దెనిమిది డబ్బాలు అప్పటికే బారులు తీరి ఉన్నాయి. కోడలు వాటి వంక చూడలేక గోడ వంక చూసింది. గోడ మీద గడియారం పదీ పది చూపిస్తోంది.

"నా పేరు చెప్పడమెందుకు వదినా?"

"మరెవరి పేరు చెప్పను? పని బయటికిద్దామన్నదెవరు? నేనన్నానా? నాన్నన్నాడా? దారిన పోయేవాళ్ళన్నారా?"

అన్నది కోడలే.

ఈ ఇంట్లో కింద కళ్ళజోళ్ళ దుకాణం, పైన కాపురం. కళ్ళు పరీక్ష చేసేదీ, అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించేదీ నిన్నమొన్నటిదాకా మామగారే. గల్లాపెట్టె దగ్గర కూర్చుని, వచ్చినవాళ్ళని ముందు కసిరి తరవాత కుర్చీ వేసేది ఆయన కూతురు, అంటే మన వదిన. మామగారి చేతులు వణకడం మొదలయ్యాక ఒక్కో జోడుకి మూడు వారాలు పట్టేది. అప్పుడు కోడలు ముందుకొచ్చి, "అద్దాలు అరగదీసే పని ఊరి చివర వర్క్‌షాపుకిద్దాం, పరీక్ష మాత్రం మామయ్యగారే చేస్తారు," అంది. నాలుగురోజుల్లో జోడు చేతికొచ్చేలా ఏర్పాటు చేసింది. అందరూ ఆహా అన్నారు. ఇల్లు అలకగానే పండగవుతుందా? మూడు వారాలు తిరక్కుండానే పెట్టుకున్నవాళ్ళకి తల తిరిగింది, పెట్టించినవాళ్ళకి పరువు పోయింది.

"ఒకావిడకి నేల ఎత్తుగా కనిపిస్తోందట. ఇంకొకాయనకి పేపర్లో అక్షరాలు ఒకదాని మీదొకటి ఎక్కి కూర్చుంటున్నాయట," అంది వదిన. "దర్జీ ఆయనైతే సూదిలో దారం ఎక్కించబోయి వేలికి ఎక్కించుకున్నాడు. వీళ్ళందరూ నాన్న చేతి జోడు ఇరవయ్యేళ్ళు పెట్టుకున్నవాళ్ళు. ఒక్కనాడు ఒక్క మాట అనలేదు!"

"మొత్తం ఎన్ని ఇచ్చాం?"

"నలభై ఒకటి."

"మిగతా ఇరవై రెండూ?"

"ఇంకా ముక్కుల మీదే ఉన్నాయి," అంది వదిన.

అదిగో, సరిగ్గా అప్పుడే లోపలి గదిలోంచి మాస్టారు వచ్చాడు. మాస్టారంటే కోడలి మొగుడు, బళ్ళో లెక్కలు చెబుతాడు. బడికి సెలవులు కాబట్టి ఆ లెక్కలన్నీ ఇప్పుడు ఇంట్లో చెబుతున్నాడు.

"సాయంత్రం అయిదింటికి గడువు," అన్నాడు, డబ్బాల మీదుగా భార్యని చూస్తూ.

"గుర్తుంది."

"గుర్తుండటం వేరు, జవాబు రాయడం వేరు."

ఆ గడువు సంగతి ఇంట్లో గోడలకి కూడా తెలుసు. కోడలు పదకొండేళ్ళు ఒక పెద్ద కంపెనీలో పనిచేసింది. కంపెనీ పనుల్లో కొన్నిటిని బయటివాళ్ళకి అప్పగించి చేయించే విభాగం ఆమెది. చివరికి ఆ మహానుభావులు ఆ విభాగాన్నే బయటివాళ్ళకి అప్పగించేసి, ఆమెకి దండం పెట్టారు. పదకొండేళ్ళు నేర్చిన పనే కదా, చిన్నచిన్న దుకాణాలకి చేసిపెడదామని కోడలు ఇంట్లోనే కన్సల్టెన్సీ అని బోర్డు పెట్టింది. అయిదు నెలలయింది. ఇప్పుడా కంపెనీకి బయటివాళ్ళతో పని నడవక, మళ్ళీ వచ్చి చేరమని మెయిల్లో ఉత్తరం రాసింది. జవాబుకి ఇవాళే ఆఖరు.

"నన్ను కాస్త ఆలోచించుకోనివ్వండి," అంది కోడలు.

"వారం నుంచీ ఆలోచిస్తున్నావు. వాళ్ళు వారం ఇచ్చారు, నేను అయిదు నెలలిచ్చాను. ఏం చేశావో చెప్పు. పూలకొట్టావిడ ఉత్తరాలకి జవాబులు రాసేవాళ్ళు కావాలంది, సరేనన్నావు. లాండ్రీ ఆయన బట్టలు చేరవేసేవాళ్ళు కావాలన్నాడు, సరేనన్నావు. తాళాలు బాగుచేసే ఆయన వెబ్‌సైటన్నాడు, దానికీ సరే. ఒక్కొక్కరికి పదేసి పేజీల రిపోర్టు రాసిచ్చావు. అందరూ టీ ఇచ్చి పంపించారు. రెండోసారి పిలిచినవాళ్ళెవరు?"

"కొత్తలో అలాగే ఉంటుందండీ."

"నీకేది వచ్చు అంటే అన్నీ వచ్చంటావు. అన్నీ వచ్చన్న పిల్లల పేపర్లు ఏటా దిద్దుతూనే ఉంటాను నేను. ఒక్క లెక్కా చివరిదాకా చెయ్యరు."

కోడలి మొహం ఎర్రబడింది. ఆ మాట అబద్ధమైతే నవ్వేసి ఊరుకునేది. నిజం కాబట్టి ఒళ్ళు మండింది.

"కన్సల్టెంటమ్మ అని వీధంతా పిలుస్తుంటే నాకూ సరదాగానే ఉండేది," అంది వదిన. ఆ పేరు పెట్టింది తనేనన్న సంగతి మాత్రం చెప్పలేదు. "ఇప్పుడెవడో తూలి పడితే ఆ సరదా నాన్న మెడకి చుట్టుకుంటుంది. వెళ్ళి ఉద్యోగంలో చేరమ్మా తల్లీ. చల్లగా ఉంటావు."

"మీరిద్దరూ ఒకటయ్యారా? బావుంది!" అంది కోడలు. "జోళ్ళు ఎందుకిలా అయ్యాయో కూడా చూడకుండా నన్ను పంపించెయ్యడమేనా? ముందు ఆ ఇరవై రెండుమందీ ఏమవుతారు?"

డబ్బాలన్నిటినీ ఒక సంచిలో కుమ్మరించుకుని మెట్లు దిగింది. వదిన వెనకాలే దిగింది. మాస్టారు ఖాళీ అయిన బల్లకేసి కాసేపు చూసి, లోపలి గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నాడు.

దుకాణంలో నంబరు చూసే మిషను ఒకటుంది. అద్దాన్ని దానిమీద పెట్టి చక్రం తిప్పితే పవరెంతో తెలుస్తుంది. కోడలు మిషను దగ్గర కూర్చుంది, వదిన పాత చీటీల కట్ట విప్పింది. మామగారి చీటీ మీద రెండు గుండ్రాలుంటాయి, ఒక్కో గుండ్రంలో ఒక్కో అంకె. అంతే. ఆ చీటీని ఫోనుతో ఫొటో తీసి వర్క్‌షాపుకి పంపించడమే ఈ మూడువారాల ఏర్పాటు.

"కండక్టరుగారిది చదవండి."

"కుడికి రెండున్నర. ఎడమకి ముప్పావు."

కోడలు చక్రం తిప్పింది. ఇంకోసారి తిప్పింది. "కుడికి ముప్పావే ఉంది."

"అయితే ఎడమకి?"

"రెండున్నర."

దర్జీది చూశారు. టైలరింగు పక్కన పెట్టి చేతికి కట్టు కట్టించుకున్నాడు పాపం, ఆయనదీ అంతే. నేల ఎత్తుగా కనిపించినావిడది చూశారు. ఆరు జోళ్ళు, ఏడు జోళ్ళు. పందొమ్మిదికి పందొమ్మిదీ అదే వరస. అంకెలు తప్పు లేవు, కళ్ళే తారుమారయ్యాయి.

"చూశారా! చూశారా!" అంటూ కోడలు కుర్చీలోంచి లేచిపోయింది. తప్పు తనది కాదని తేలిన మనిషి సంతోషం అంతా ఇంతా కాదు. "కుడీ ఎడమా తెలియనివాళ్ళకి పనిచ్చాను వదినా! ఇప్పుడు చూడండి, వాళ్ళకి నేను పెట్టే గడ్డి!"

వర్క్‌షాపు సూపర్‌వైజరు ఫోనెత్తాడు. వెనకాల మిషన్లు గుర్రుమంటున్నాయి. కోడలు ఊపిరి తీసుకోకుండా నాలుగు నిమిషాలు చెడామడా దులిపేసింది. ఆయన అడ్డురాకుండా విన్నాడు.

"అయిందా అమ్మా?"

"అయింది!"

"మీ చీటీ ఒకటి చేతిలోకి తీసుకోండి. ఎడమవైపు గుండ్రంలో ఏముంది?"

"ముప్పావు."

"ఎడమవైపు గుండ్రమంటే కుడికన్ను. కుడికన్నుకి ముప్పావు వేశాం."

"ఎడమవైపుది కుడికన్నెలా అవుతుందండీ? వినేవాళ్ళకి నవ్వొస్తుంది!"

"మీ ఎదురుగా ఎవరైనా ఉన్నారా?"

"మా వదిన ఉన్నారు."

"ఆవిడ కుడికన్ను మీకు ఏ పక్కనుంది?"

కోడలు వదినని చూసింది. వదిన కుడికన్ను, కోపంతో ఎర్రగా ఉన్న ఆ కన్ను, కోడలికి ఎడమవైపునుంది.

"కళ్ళు చూసేవాళ్ళు ఎదురుగా కూర్చునే రాస్తారమ్మా. మా దగ్గరికొచ్చే ప్రతి చీటీ అలాగే ఉంటుంది. మీవాళ్ళది వేరేలా ఉంటే మాకెలా తెలుస్తుంది? ఎవరూ చెప్పలేదే!"

కోడలు ఫోను పెట్టేసింది. పెట్టిన గడ్డి తిరిగి తన నోట్లోకే వచ్చినట్టయింది. దుకాణం వెనకవైపు మామగారు స్టూలు మీద కూర్చుని మెత్తటి గుడ్డతో ఒక ఫ్రేము తుడుస్తున్నాడు. పందొమ్మిదిమంది తన చేతిని వదిలేసి వెళ్ళిపోయినట్టుంది ఆయన మొహం.

"మామయ్యా, ఈ రెండు గుండ్రాల్లో కుడికన్ను ఏదండీ?"

"కుడివైపుదేనమ్మా."

"అందరూ ఎదురుగా కూర్చుని చూసినట్టు గీస్తారట కదా?"

"గీస్తారు. నేను గియ్యను," అన్నాడు మామగారు. "జోడు పెట్టుకునేది వాళ్ళు కదా, నేను కాదు కదా. వాళ్ళ ముక్కు మీద ఎలా ఉంటుందో అలా గీస్తాను. వాళ్ళ వెనక నిలబడి చూసినట్టు. గీసేదీ నేనే, అరగదీసేదీ నేనే, ఇన్నేళ్ళలో నాకెప్పుడూ ఇబ్బంది రాలేదు."

"ఎక్కడైనా రాసి పెట్టారా?"

"రాయడమెందుకు?" అంది వదిన విసుగ్గా. "అందరికీ తెలిసిందేగా!"

"అందరికీ అంటే?"

"అంటే... నాకూ, నాన్నకూ."

బయట ఎవరో సైకిలు స్టాండు వేసి, లోపలికి తొంగిచూసి, ఈ ముగ్గురి మొహాలూ చూసి మళ్ళీ సైకిలెక్కి వెళ్ళిపోయారు.

కోడలికి ఏడుపొచ్చింది. ఏడిస్తే వదిన ఎదుట లోకువని కోపం తెచ్చుకుంది. "మూడు వర్క్‌షాపులు తిరిగాను," అంది. "వాళ్ళ మిషన్లు చూశాను, మనుషుల్ని చూశాను, ఎన్ని రోజుల్లో ఇస్తారో పట్టిక వేశాను. అంతా చేసి, ఈ మెట్లు దిగి వచ్చి మామయ్య పక్కన ఒక్క పూట కూర్చోలేదు. నా తెలివి తెల్లారినట్టే ఉంది!"

"నా పక్కనా కూర్చోలేదు," అంది వదిన.

కోడలు తలెత్తింది.

"అయిదు నెలలుగా ఊళ్ళోవాళ్ళందరి దగ్గరికీ వెళ్ళి, 'మీ పనెలా జరుగుతుందండీ' అని అడిగి పుస్తకంలో రాసుకుంటున్నావు. పూలకొట్టావిడనడిగావు. తాళాలాయన్ని అడిగావు. ఈ గల్లాపెట్టె దగ్గర నేను ఇరవయ్యారేళ్ళుగా కూర్చున్నాను. నన్నొక్కసారి అడిగావా? 'వదినా, రేపటినుంచి చీటీలు ఫొటో తీసి ఈ నంబరుకి పంపించండి' అన్నావు. నేను పంపించాను. నాకేం తెలుసనుకున్నావో ఏమో."

కోడలు క్షమించండి అనడానికి నోరు తెరిచింది గానీ, ఆ మాట ఈ ఇంట్లో ఎవరూ ఎవరితోనూ అనే అలవాటు లేదు. తెరిచిన నోటితో, "ముందు ఆ ఇరవై రెండుమందికీ ఫోన్లు చేద్దాం," అంది.

ఇద్దరూ చెరో ఫోనూ పట్టుకున్నారు. తొమ్మిదిమందికి రెండు కళ్ళకీ ఒకటే నంబరు కాబట్టి ఏ బాధా లేదు. పదకొండుమంది, "అదా సంగతి! మాకే వయసు మీద పడిందనుకున్నాం," అని తెగ సంతోషించారు. ఒకాయన ఫోనెత్తలేదు. పాలవ్యాను డ్రైవరు పేరు వచ్చేసరికి మాత్రం వదిన ఆ నంబరు రెండుసార్లు తప్పు నొక్కింది.

"బాబూ, జోడు పెట్టుకున్నావా?"

"ఇంకా లేదమ్మా. కొత్తవి కదా, పెళ్ళిచూపులకి పెట్టుకుందామని దాచాను."

"దాచు నాయనా, దాచు! ఇంకా లోపలికి దాచు!" అంటూ వదిన ఫోను గుండెలకి హత్తుకుంది. కోడలికి నవ్వాగలేదు. వదినకీ ఆగలేదు. నవ్వుతున్నంతసేపూ ఇద్దరూ దెబ్బలాడుకుంటున్న సంగతి మరిచిపోయి, ఆపాక మళ్ళీ గుర్తుతెచ్చుకున్నారు.

ఫోనెత్తని ఆయన ఇల్లు రెండు వీధుల అవతలే. వదిన స్వయంగా వెళ్ళి ఆయన ముక్కు మీంచి జోడు తీసుకుని వచ్చింది. ఆమె వచ్చేసరికి కోడలు కొత్త పుస్తకం తెరిచి గల్లాపెట్టె పక్కన కుర్చీ వేసుకుంది.

"ఇప్పుడడుగుతున్నాను వదినా. అందరికీ తెలిసినవి ఇంకా ఏమేం ఉన్నాయి?"

"చెప్పను, పో."

కోడలు కలం పట్టుకుని అలాగే కూర్చుంది. వదిన డ్రాయరు తీసింది, మూసింది. అద్దం తుడిచింది. తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడిచింది.

"అంకె కింద గీత ఉంటే," అంది చివరికి, ఎటో చూస్తూ, "పాత ఫ్రేములోనే బిగించాలని."

"ఇంకా?"

"చుక్క ఉంటే ఆ మనిషి ఒకే పక్కకి ఒత్తిగిలి పడుకుని చదువుతాడని. ఆ పక్క చెవి మీది కాడ కాస్త వదులుగా పెట్టాలి. నీలం సిరా అయితే గీతలు పడని అద్దం వెయ్యాలి, కూలిపనికి వెళ్ళేవాళ్ళకి. చీటీ మూల మడిచి ఉంటే తొందరని అర్థం."

"తొందరేమిటి?" అన్నాడు వెనకనుంచి మామగారు. "మూల మడిస్తే తొందర లేదని కదా. నెమ్మదిగా ఇవ్వొచ్చని పక్కన పెడతాను."

వదిన కుర్చీలో మొత్తంగా వెనక్కి తిరిగింది. "తొందర లేదనా?"

"అవును. మొదట్నుంచీ అంతే."

"నాన్నా! తొందరగా కావాలన్నవాళ్ళవి నేను మడుస్తున్నాను! పన్నెండేళ్ళుగా మడుస్తున్నాను!"

"అందుకేనా, ఆ మడిచిన చీటీలవాళ్ళే ఎప్పుడూ వచ్చి గొడవచేసేది?" అన్నాడు మామగారు ఆశ్చర్యంగా. "వాళ్ళకి ఓపిక తక్కువనుకున్నాను."

"వాళ్ళని నేనెంతలా కసిరాను! 'అంత తొందరైతే ముందే చెప్పాలి' అని మొహం మీదే అన్నాను. వాళ్ళు చెప్పారు! చెప్పారు నాన్నా వాళ్ళు!"

తండ్రీకూతుళ్ళు పన్నెండేళ్ళ లెక్క తేల్చుకోవడానికి దిగారు. కోడలు మధ్యలోకి వెళ్ళలేదు. ఇద్దరి మాటలూ రాసుకుంది. ఇంట్లో దెబ్బలాట జరుగుతుంటే పక్కన కూర్చుని హాయిగా రాసుకున్న కోడలిని మీరెక్కడా చూసి ఉండరు. రాస్తున్నకొద్దీ ఆమెకి ఒంట్లో ఏదో కుదురుకుంటున్నట్టనిపించింది. పూలకొట్టావిడకి పదిపేజీలు ఎందుకు పనికిరాలేదో ఇప్పుడు తెలిసింది. ఎవరికిస్తే బాగుంటుందో రాసింది గానీ, ఆవిడ తలలో ఏముందో ఒక్క ముక్క రాయలేదు.

మూడింటికి నాలుగు పేజీలు తేలాయి. చివరిపేజీలో, "ఇవి బయటికివ్వకూడదు" అని రాసి గీత గీసింది. కళ్ళ పరీక్ష ఒకటి. జోడు ఇచ్చేటప్పుడు కాడలు చెవికి సరిచెయ్యడం రెండోది. అది మామగారి ఎదుట పెట్టి చదివింది. వణికే చేత్తో ఆయన పుస్తకం అందుకుని, ఆ రెండు ముక్కలూ తనే మరోసారి చదువుకున్నాడు.

"ఉండనీ," అన్నాడు.

కోడలు ఆ పేజీలు ఫొటో తీసి వర్క్‌షాపుకి పంపించి, మళ్ళీ ఫోన్ చేసింది. ఈసారి గొంతు దించుకుంది. "పొద్దున నోరు జారానండీ. తప్పు మీది కాదు."

"అది సరేనమ్మా, ఈ కాగితాలెవరు రాశారు?" అన్నాడు సూపర్‌వైజరు. మిషన్ల చప్పుడు లేదు. మాట్లాడటానికి బయటికొచ్చినట్టున్నాడు.

"నేనే."

"మాకు పని పంపించే దుకాణాలు ముప్పైకి పైనే ఉన్నాయి. పదకొండింటితో నెలనెలా తగాదా. ఒకాయనకి ఎర్రసిరా అంటే ఆపమని అట. మేం అర్జెంటనుకుని ముందు అవే చేసి పంపాం. వాళ్ళు మమ్మల్ని తిడతారు, మేం వాళ్ళని తిడతాం. అద్దాలరగదీసేవాళ్ళు ఎక్కడైనా దొరుకుతారమ్మా. ఇలా పక్కన కూర్చుని రాసిపెట్టే మనిషే మాకు దొరకలేదు. ఆ పదకొండు దుకాణాలకీ వెళ్తారా? సోమవారం మొదటిదానికి రమ్మని చెప్పమంటారా?"

కోడలు గల్లాపెట్టె చెక్క గట్టిగా పట్టుకుంది. "ఒక్కో చోట మూడేసి రోజులు కూర్చుంటానండీ. బయటికివ్వకూడదనిపించినవి ఇవ్వొద్దనే చెప్తాను. మీకు పని తగ్గినా సరే."

"చెప్పండి. తగాదా తగ్గితే అదే పదివేలు."

వదిన ఇదంతా వింటూనే ఉంది. ఫోను పెట్టగానే, "ఆ ఎర్రసిరా ఆయన్ని నేనెరుగుదును. టీ కూడా ఇవ్వడు. ఇంట్లోంచి పట్టుకెళ్ళు," అంది. వదిన నోట ఇంతకన్నా పెద్ద దీవెన ఇంతవరకు ఎవరూ వినలేదు.

కోడలు మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది. అయిదు నెలల్లో మొదటిసారి, మీరేం చేస్తారని ఎవరైనా అడిగితే ఒక్క వాక్యంలో చెప్పగలనని తెలిసి, భయమూ సంతోషమూ రెండూ ఒకేసారి కలిగాయి. పని చేతులు మారకముందు, చేసే మనిషి తలలో ఉన్నది కాగితం మీద పెట్టడం. అంతే తన పని. వెబ్‌సైట్లూ వద్దు, లాండ్రీ బట్టలూ వద్దు.

మాస్టారు హాల్లో టీ తాగుతున్నాడు. ఆమె ఆగకుండా లోపలి గదిలోకి వెళ్ళి, కంప్యూటరు ముందు కూర్చుని నాలుగూ ఇరవైకి కంపెనీకి జవాబు రాసింది. "మీరు పిలిచినందుకు కృతజ్ఞతలు. నేను చేరలేను." రెండుసార్లు చదివి పంపించేసింది.

హాల్లోకి వచ్చి ఆయనకి చెప్పబోతూ ఉండగానే ఫోను మోగింది. కంపెనీలో ఉద్యోగాలు చూసే ఆవిడ.

"మేడమ్, మాకేం అర్థం కావడం లేదు. పొద్దున పదీ నలభైకి మీరు 'సంతోషంగా చేరతాను' అని రాశారు. మేం రెండో అమ్మాయికి వద్దని చెప్పేశాం. ఇప్పుడేమో చేరలేనంటున్నారు. మా మేనేజరుగారు పక్కనే ఉన్నారు. ఏది నమ్మమంటారు?"

కోడలు ఫోను మీద అరచెయ్యి అడ్డం పెట్టి మొగుడి వంక చూసింది. మాస్టారి చేతిలో టీ కప్పు అలాగే ఆగిపోయింది.

"మీరేనా?"

"నీకోసమే," అన్నాడు మాస్టారు. "ఆ డబ్బాలన్నీ చూసి నాకు భయమేసింది. నీకు రాయడానికి చెయ్యి రావడం లేదనుకున్నాను. నేను రాసేస్తే నీ తలమీద బరువు తగ్గుతుందని..."

"నా పేరు పెట్టి రాశారా?"

"నీ ఉద్యోగం కదా మరి!"

"కిందే ఉన్నానుగా. పదమూడు మెట్లు. దిగివచ్చి ఒక్క మాట అడగాలనిపించలేదా?"

"అడిగితే ఆలోచించుకోనివ్వమంటావు," అన్నాడు. తరవాత గొంతు తగ్గించి, "ఇప్పుడు కాదంటే పొద్దునొక మాట, సాయంత్రమొక మాట మనిషివని పేరొస్తుంది. రేపు ఏ దుకాణంవాడు నమ్ముతాడు నిన్ను? సరేననేసెయ్. పరువు దక్కుతుంది," అన్నాడు.

"హలో? మేడమ్?" అంది ఫోను.

కోడలికి కోపం కూడా రావడానికి ఓపిక లేనంత విసుగు. ఈయన చెడ్డవాడు కాదు. ఈయనకి తన మీద ప్రేమ లేకపోలేదు. పదహారేళ్ళ కాపురంలో తన మనసులో ఏముందో అడక్కుండా తెలిసిపోతుందనే ఈయన నమ్మకం. పొద్దుటిదాకా తనకీ అదే నమ్మకం, వదిన విషయంలో. కానీ తప్పు తెలిశాక తను మెట్లు దిగింది. ఈయన టీ తాగుతున్నాడు.

అరచెయ్యి తీసింది.

"రెండో ఉత్తరం నాదండీ. నా మాట అదే. మొదటిది రాసినాయన ఇక్కడే ఉన్నారు. ఎందుకు రాశారో ఆయన చెప్తారు," అని, ఫోను మాస్టారి చేతికిచ్చి, ఆయనకి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

మాస్టారు ఫోను చెవికి ఆనించుకున్నాడు. "నమస్కారమండీ. నేను ఆవిడ... భర్తని," అన్నాడు. అవతలనుంచి ఒక మగగొంతు, మేనేజరుదే కావచ్చు, ఏదో అడిగింది. మాస్టారు జవాబు కోసం భార్య మొహంలోకి చూశాడు. ఆమె పెదవి విప్పలేదు.